220లోంచి వయసు తీసేస్తే మీ జోన్లు రావు

మాస్టారూ, మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను, చదివే మిగతావాళ్ళకీ తెలుస్తుంది. మీ వయసు 38, ఉండేది శ్రీకాకుళం టౌన్. ఏడాదిన్నరగా వారానికి నాలుగు రోజులు, మొత్తం 25 కిలోమీటర్ల దాకా పరిగెత్తుతున్నారు. ఈ మధ్య 10కె (10 కిలోమీటర్ల పరుగు) 56 నిమిషాల్లో పూర్తిచేశారు. ఈ చలికాలం వైజాగ్ నేవీ మారథాన్‌లో హాఫ్ (21.1 కిలోమీటర్లు) రెండు గంటల లోపు కొట్టాలని కోరిక. స్నేహితుడితో కబుర్లు చెప్పుకుంటూ కళింగపట్నం రోడ్డు మీద మెల్లగా వెళ్తుంటే హార్ట్ రేట్ నిమిషానికి 148–150 ఉంటోంది, వాచ్ మాత్రం ‘జోన్ 4’ (ఐదు మెట్లలో నాలుగోది, అంటే గట్టి పరుగు) అని భయపెడుతోంది. అది చెప్పే జోన్ 2లో ఉండాలంటే నడవాల్సి వస్తోంది. వైజాగో హైదరాబాదో వెళ్ళి ల్యాబ్‌లో వీఓ2 మ్యాక్స్ (ఒళ్ళు వాడుకోగల గరిష్ఠ ఆక్సిజన్) టెస్ట్ చేయించుకోవాలా అన్నది ప్రశ్న.

అక్కర్లేదు. ఆ డబ్బుతో ఒక మంచి ఛెస్ట్ స్ట్రాప్ (ఛాతీకి కట్టుకుని హార్ట్ రేట్ కొలిచే పట్టీ) కొనుక్కోండి.

ముందు వాచ్ సంగతి. మీరు వయసు కొట్టగానే అది 220లోంచి 38 తీసేసి, మీ గరిష్ఠ హార్ట్ రేట్ 182 అని రాసేసుకుంది. దాంట్లో 60 నుంచి 70 శాతం జోన్ 2, అంటే 109–127. ఎనభై శాతం దాటితే, అంటే 146 దగ్గరే, జోన్ 4 మొదలు. కాబట్టి వాచ్ దాని లెక్క ప్రకారం తప్పేమీ చెప్పట్లేదు. ఆ లెక్క పునాదే మీకు నప్పదు. 1971లో అప్పటికే ఉన్న కొన్ని అధ్యయనాల అంకెల్ని ఒకచోట చేర్చి గీసిన ఉజ్జాయింపు గీత అది. పదిమంది సగటుకి పనికొస్తుంది, ఒక మనిషికి పనికిరాదు. ఒకే వయసు వాళ్ళలో అసలు గరిష్ఠం దీనికి పది పన్నెండు అటూ ఇటూ ఉండటం మామూలే, ఇరవై తేడా ఉన్నవాళ్ళూ ఉంటారు. తర్వాత 2001లో తనాకా అనే పరిశోధకుడి బృందం ఇంకో సూత్రం ఇచ్చింది: 208లోంచి, వయసుని 0.7తో గుణించి తీసేయాలి. మీకు దాంతో 181 వస్తుంది. అంటే కొత్త సూత్రం కూడా మీకు ఒరగబెట్టేదేమీ లేదు. వయసు చెప్తే టైలర్ చొక్కా కుట్టేయడు కదా, టేపు పెట్టి కొలుస్తాడు. ఇక్కడా అంతే.

కొలవాల్సింది గరిష్ఠాన్ని కూడా కాదు, థ్రెషోల్డ్‌ని. పేస్, అంటే పరుగు వేగం (కిలోమీటరుకి ఇన్ని నిమిషాలని లెక్క), పెంచుకుంటూ పోతుంటే ఒక దశ దాకా కండరాల్లో తయారయ్యే లాక్టేట్ అనే పదార్థాన్ని ఒళ్ళు ఎప్పటికప్పుడు వాడేసుకుంటుంది. ఆ దశ దాటితే తయారీ ఎక్కువ, వాడకం తక్కువ. ఊపిరి ఉన్నట్టుండి బరువెక్కుతుంది, మాట మధ్యలో తెగిపోతుంది. ఆ గీతే థ్రెషోల్డ్. బాగా అలవాటున్న మనిషి దాని మీద సుమారు గంటసేపు నిలబడగలడు. ల్యాబ్‌లో మాస్క్ పెట్టి, వేలి కొన నుంచో చెవి తమ్మె నుంచో రక్తపు చుక్క తీసి వెతికేది ముఖ్యంగా దీన్నే. అదీ ఏసీ గదిలో, ట్రెడ్‌మిల్ మీద. మీరు పరిగెత్తేది మన తేమలో, మన నేల మీద. గ్రౌండ్‌లో సరిగ్గా చేసుకున్న టెస్ట్ మీలాంటివారికి ఆ ల్యాబ్ అంకె కంటే ఎక్కువ పనికొస్తుందనే నా నమ్మకం.

అమెరికన్ కోచ్ జో ఫ్రీల్ వల్ల బాగా వాడుకలోకొచ్చిన 30 నిమిషాల టెస్ట్ ఒకటుంది. అదే చేయండి. దానికి ముందు రెండు రోజులు కష్టమైన పరుగు వద్దు. ముందురోజు రాత్రి పెళ్ళి భోజనమో, జాగారమో ఉంటే వాయిదా వేసుకోండి. జ్వరం తగిలి లేచి నెల కాకపోతే అసలు ఆ ఊసే వద్దు. తెల్లవారుజామున ఐదున్నర లోపు గ్రౌండ్‌కి చేరండి. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ అయినా, కోడి రామ్మూర్తి స్టేడియం అయినా, మీ స్కూలు మైదానమైనా సరే, చదునుగా, అడ్డం లేకుండా, కొలత తెలిసి ఉంటే చాలు. రోడ్డు మీద అయితే కుక్కలూ ఇసుక లారీలూ టెస్ట్ సాంతం సాగనివ్వవు.

పావుగంట మెల్లగా జాగింగ్, తర్వాత ఇరవై సెకన్ల చొప్పున నాలుగు చురుకైన పరుగులు, రెండు నిమిషాలు నడక. అప్పుడు వాచ్ నొక్కి, 30 నిమిషాలపాటు మీరు సమంగా నిలబెట్టుకోగల అత్యంత గట్టి పేస్‌లో పరిగెత్తాలి. పది నిమిషాలు కాగానే ల్యాప్ బటన్ నొక్కండి. మిగిలిన 20 నిమిషాల సగటు హార్ట్ రేటే మీ థ్రెషోల్డ్ హార్ట్ రేట్. మొత్తం 30 నిమిషాల్లో వెళ్ళిన దూరం నుంచి థ్రెషోల్డ్ పేస్ వస్తుంది.

వినడానికి ఇంతే. చెడిపోయేది మొదటి మూడు ల్యాపుల్లో (గ్రౌండ్ చుట్లలో). పొద్దున్నే కాళ్ళు తేలిగ్గా ఉంటాయి, ఊపు మీద కొట్టేస్తారు, పన్నెండో నిమిషానికి ఉసూరుమంటారు. మీ 10కె టైమింగ్ బట్టి కిలోమీటరుకి 5:35తో మొదలుపెట్టండి, అంటే 400 మీటర్ల ల్యాప్ 2 నిమిషాల 14 సెకన్లు. మొదటి మూడు ల్యాపుల్లో దానికంటే ఒక్క సెకను కూడా ముందు రావద్దు. ‘ఇంత తేలిగ్గానా’ అనిపించాలి. పదో నిమిషం నుంచి ఎవరైనా పలకరిస్తే రెండు మూడు మాటల కంటే జవాబు రాకూడదు. ఇరవయ్యో నిమిషం తర్వాత ఆపేద్దామా అన్న ఆలోచన వస్తుంది, రావాలి కూడా. చివరి ఐదు నిమిషాల్లో మిగిలిందంతా పెట్టేయండి. మొదటి పది నిమిషాల్లో 1.9 కిలోమీటర్లు వెళ్ళి, చివరి పది నిమిషాల్లో 1.7 మాత్రమే వెళ్ళారంటే ఆ టెస్ట్ చెల్లదు. వారం ఆగి మళ్ళీ చేయండి.

ఒంటరిగానే చేయాలి. పక్కన పోటీ ఉంటే అది అరగంట రేసు అయిపోతుంది, గంటసేపు నిలిచే పేస్ కంటే ఎక్కువ అంకె వస్తుంది. ఒంటరిగా ఎంత బిగించినా ఒంట్లో కొంచెం మిగిలిపోతుంది, అదే ఈ అరగంట టెస్ట్‌ని గంట పేస్‌కి దగ్గర చేస్తుంది.

దూరం కొలత దగ్గర ఒక చిక్కు. ఉదయం వాకింగ్‌కి వచ్చే పెద్దలు నలుగురు వరుసగా లోపలి లేన్లు పట్టుకుని నడుస్తారు. పక్కకి జరగమంటే ‘అంత స్థలముంది కదా బాబూ’ అంటారు. సరేనని మీరు మూడో లేన్‌లో తిరిగితే ల్యాప్‌కి దాదాపు 15 మీటర్లు ఎక్కువ, పదమూడు ల్యాపులకి 190 మీటర్లు. దాన్ని 400గానే లెక్కేస్తే మీ పేస్ కిలోమీటరుకి పన్నెండు సెకన్లు నెమ్మదిగా కనబడుతుంది. చిన్న గుండ్రని గ్రౌండ్‌లో జీపీఎస్ కూడా మలుపుల్లో తడబడుతుంది. ల్యాపులు లెక్కపెట్టుకోండి, లేన్ ఏదో గుర్తుపెట్టుకోండి.

ఇక స్ట్రాప్ ఎందుకంటే, మణికట్టు సెన్సర్ చర్మం కింద రక్తం కదలికని వెలుతురుతో చూస్తుంది. గట్టిగా పరిగెత్తేటప్పుడు చెయ్యి ఊగుతుంటే అడుగుల లయనే గుండె లయ అనుకుని పట్టేసుకుంటుంది. నిమిషానికి 170 అడుగులు వేసే మనిషికి హార్ట్ రేట్ కూడా 170 దగ్గర అతుక్కుపోయి కనిపిస్తే అనుమానించాల్సిందే. ఈజీ రన్‌కి మణికట్టు చాలు. టెస్ట్‌కి మాత్రం ఛాతీకి కట్టే స్ట్రాపే కావాలి, లోపలి ప్యాడ్లు నీళ్ళతో తడిపి కట్టుకోండి.

ఉదాహరణకి మీకు 30 నిమిషాల్లో 5.4 కిలోమీటర్లు, చివరి 20 నిమిషాల సగటు 174 వచ్చాయనుకుందాం. పేస్ 5:33. ఫ్రీల్ పద్ధతిలో 174లో 85 శాతం కంటే తక్కువ, అంటే 148 లోపు జోన్ 1. అక్కణ్ణుంచి 155 దాకా జోన్ 2, 164 దాకా జోన్ 3, 165–173 జోన్ 4, ఆపైన జోన్ 5. చూశారా, కబుర్లాడుతూ పరిగెత్తే మీ 148–150 జోన్ 2లో పడింది. ఇది ఉదాహరణ అంకె, మీది వేరేగా రావచ్చు. కానీ మీరు ధారాళంగా మాట్లాడగలుగుతున్నారంటే వాచ్ చెప్పే జోన్ 4 మాత్రం కాదు, అది ఖాయం. టెస్ట్ అయ్యాక జోన్లు సరిగ్గా పడ్డాయో లేదో చూసుకోవడానికి మీ వృత్తిలోనే ఒక పరికరం ఉంది. రోజూ ప్రార్థనలో పిల్లలతో చెప్పించే ప్రతిజ్ఞ. జోన్ 2లో పరిగెత్తుతూ దాన్ని మామూలు గొంతుతో చెప్పగలగాలి. వాక్యం మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వస్తే మీరు జోన్ 2లో లేనట్టే, వాచ్ ఏం చూపించినా.

పరుగులో ఎక్కువ భాగం జోన్ 1, జోన్ 2లలోనే ఉండాలి. మీ 10కె స్థాయికి అది కిలోమీటరుకి 6:35 నుంచి 7:15 మధ్య. వారానికి ఒక్కసారి థ్రెషోల్డ్ పని: పది నిమిషాల చొప్పున మూడుసార్లు 5:35–5:40 పేస్‌లో, మధ్యలో రెండు నిమిషాలు జాగింగ్. ఇంకా ఓపిక ఉన్న వారం 800 మీటర్లు ఐదుసార్లు, ఒక్కోటి 4 నిమిషాల 10 సెకన్ల దగ్గర. ఈ 800ల్లో హార్ట్ రేట్ చూడకండి. గుండె వెనకాల వస్తుంది, అది పైకి చేరేసరికి రౌండ్ అయిపోతుంది. గడియారం చూడండి చాలు. జోన్ 3 దగ్గర జాగ్రత్త. మన వాళ్ళంతా రోజూ పరిగెత్తేది దాంట్లోనే, ఈజీకి ఎక్కువ, థ్రెషోల్డ్‌కి తక్కువ. రోజూ అలసట ఉంటుంది, టైమింగ్ మాత్రం కదలదు.

ఈజీగా పరిగెత్తుతుంటే అగ్నివీర్‌కి తయారయ్యే కుర్రాళ్ళు మిమ్మల్ని రయ్యిమని దాటుకుపోతారు. పోనివ్వండి. వాళ్ళ పని వేరు: 1.6 కిలోమీటర్లు ఐదున్నర నిమిషాల్లో పూర్తిచేస్తే దానికి పూర్తి మార్కులు, అంటే కిలోమీటరుకి 3:26. మన కానిస్టేబుల్ పరీక్షలో మగవాళ్ళకి 1600 మీటర్లకి 8 నిమిషాలు, సరిగ్గా 5:00 పేస్. ఈ కుర్రాళ్ళు కొందరు తమ 1600 టైమింగ్ చెప్పి హాఫ్ ఎంతలో అవుతుందని అడుగుతుంటారు. లెక్క కట్టొచ్చు గానీ దాన్ని పట్టుకుని రేసుకి వెళ్తే పదిహేనో కిలోమీటర్ దగ్గర చతికిలపడతారు, దూరం పదమూడు రెట్లు కదా. వాళ్ళకి నప్పేది క్రిటికల్ స్పీడ్ (నిలకడగా సాగగల గరిష్ఠ వేగం) టెస్ట్. ఒకరోజు 1200 మీటర్లు, ఇంకోరోజు 3600 మీటర్లు, రెండూ శక్తికొద్దీ పరిగెత్తి, దూరాల తేడాని టైముల తేడాతో భాగించాలి. మీరు చేసినా బాగుంటుంది. 1200కి 5:48, 3600కి 19:00 వచ్చాయంటే 2400 మీటర్లని 792 సెకన్లతో భాగిస్తే సెకనుకి 3.03 మీటర్లు, కిలోమీటరుకి 5:30. అరగంట టెస్ట్‌తో వచ్చిన దానికి ఇది రెండు మూడు సెకన్లు అటూ ఇటుగా ఉంటే మీ అంకె గట్టిదన్నమాట. 12 నిమిషాల్లో ఎంత దూరం వెళ్ళారో చూసే 1968 నాటి కూపర్ టెస్ట్ కూడా అందరూ చెప్తారు. వీఓ2 మ్యాక్స్ అంకె వస్తుంది, నలుగురికి చెప్పుకోవచ్చు, జోన్లు రావు.

ఇప్పుడు అసలు సంగతి, రెండు గంటలు. దీనికి జోన్లు కాదు, రేసు టైమింగ్ కావాలి. పీటర్ రీగెల్ అనే అమెరికన్ ఇంజినీరు 1977లో ఇచ్చిన లెక్క ఒకటి అందరూ వాడతారు: దూరం ఎన్ని రెట్లయిందో ఆ సంఖ్యని 1.06 ఘాతానికి పెంచి పాత టైముతో గుణించడం. మీ 56 నిమిషాలకి హాఫ్ 2 గంటల 3 నిమిషాల 34 సెకన్లు వస్తుంది. జాక్ డేనియల్స్ అనే అమెరికన్ కోచ్ పట్టికలో చూసినా 2:04 దగ్గరే. అయితే ఈ 1.06 వారానికి తగినంత దూరం పరిగెత్తేవాళ్ళకి. వారానికి 25 కిలోమీటర్ల వాళ్ళకి దాన్ని 1.1 అనుకోవడం మేలు, అప్పుడు 2:07. కాబట్టి నిర్మొహమాటంగా చెప్తున్నాను, ఈరోజు పరిగెత్తితే మీది 2:04కీ 2:07కీ మధ్య. రెండు గంటల కోసం 10కె 54 నిమిషాల 20 సెకన్లకి రావాలి, వారపు దూరం 40కి చేరాలి, 16–18 కిలోమీటర్ల లాంగ్ రన్లు నాలుగైదు పడాలి. నాలుగు నెలలుంటే అసాధ్యమేమీ కాదు. రేసుకి మూడు వారాల ముందు ఒక 10కె గట్టిగా పరిగెత్తండి. 54:30 లోపు వస్తే రెండు గంటలకి వెళ్ళండి. 55:30 వస్తే 2:03 పేస్‌తో మొదలుపెట్టండి. కోరిక బట్టి పేస్ పెట్టుకుంటే రుషికొండ ఎండలో నడుచుకుంటూ రావాల్సి వస్తుంది.

రెండు గంటలకి సగటు 5:41. వాచ్‌లో మాత్రం 5:38 చూపించాలి. రేసుల్లో మలుపులూ జనాన్ని తప్పించుకోవడాలూ కలిసి 21.1 బదులు వాచ్‌లో 21.3 పడటం మామూలు. ఆ 200 మీటర్లు మర్చిపోయి 5:41 పట్టుకుని వెళ్ళినవాళ్ళు నిమిషం ఆలస్యంగా చేరి వాచ్‌ని తిడతారు. వాచ్ లెక్కలో కాకుండా రేసు అసలు దూరం లెక్కలో, మొదటి మూడు కిలోమీటర్లు 5:50, అక్కణ్ణుంచి 5:39 వెళ్ళినా 1:59:45కి చేరిపోతారు, తొందరేమీ లేదు. బీచ్ రోడ్డు సముద్రం పక్కన ఉందని చదును అనుకోకండి, కైలాసగిరి కింద, రుషికొండ వైపు ఎత్తుపల్లాలు ఉంటాయి. ఎక్కేటప్పుడు పేస్ వదిలేసి హార్ట్ రేట్ పట్టుకోండి. పైన ఉదాహరణగా చెప్పిన 174 ప్రకారం పదో కిలోమీటర్ దాకా 168 దాటకూడదు. స్టార్ట్ లైన్ దగ్గర టెన్షన్‌కే ఐదారు పెరుగుతుంది, దానికి కంగారుపడొద్దు.

వేసవి గురించి చెప్పకపోతే ఇదంతా సగం జవాబే. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మనకి తెల్లవారుజామున కూడా 27–28 డిగ్రీలు, పైగా తేమ. చెమట కారుతుంది గానీ ఆరదు. ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. చల్లబరచడానికి రక్తం చర్మం వైపు పోతుంది, కాళ్ళకి అంతే అందించాలంటే గుండె ఇంకా ఎక్కువ కొట్టుకోవాలి. అదే పేస్‌కి పది బీట్లు ఎక్కువ, లేదా అదే హార్ట్ రేట్‌కి కిలోమీటరుకి అరనిమిషం నెమ్మది. ఫిట్‌నెస్ పోయిందని చాలామంది మే నెలలో దిగులుపడేది ఇందుకే. మే నెల టెస్ట్‌ని డిసెంబరు టెస్ట్‌తో పోల్చకండి. వేసవిలో పేస్ గోల వదిలి హార్ట్ రేట్, ఊపిరి చూసుకుని పరిగెత్తండి. వర్షాలు తగ్గాక కొత్తగా టెస్ట్ చేసి పేస్ అప్పుడు రాసుకోండి. ఆ తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి, అదే గ్రౌండ్, అదే వేళ, అవే బూట్లు. వాయుగుండం పట్టిన రోజున వద్దు. మధ్యలో మార్పు తెలియాలంటే ఇంకో మార్గముంది. గంటసేపు 150 దగ్గర హార్ట్ రేట్ నిలిపి పరిగెత్తి, మొదటి అరగంట పేస్‌కీ రెండో అరగంట పేస్‌కీ తేడా చూడండి. ఐదు శాతం లోపు ఉంటే మీ పునాది గట్టిపడినట్టు. 6:50 కాస్తా 7:20 అయిపోతుంటే ఇంకా ఈజీ కిలోమీటర్లు కావాలి.

టెస్ట్ ముందు బీపీ, షుగర్, ఒక ఈసీజీ చూపించుకోండి. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండె జబ్బు వచ్చి ఉంటే డాక్టర్‌కి చెప్పకుండా శక్తికొద్దీ పరిగెత్తే పని పెట్టుకోవద్దు. ఛాతీలో బిగుతు, కళ్ళు తిరగడం అనిపిస్తే అక్కడే ఆగిపోవాలి. మీది టౌన్ గానీ, ఇది చదివేవాళ్ళలో కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు వాళ్ళు ఉంటారు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. అక్కడివాళ్ళు ముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్త) పరీక్ష చేయించుకోవాలి, ఎండలో గట్టి పరుగు పెట్టుకోకూడదు. ఎక్కడివాళ్ళయినా సరే, పరుగు ముందు నొప్పి మాత్ర వేసుకునే అలవాటు మానాలి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి ఒంట్లో నీరు తగ్గిన వేళ కిడ్నీని దెబ్బతీస్తాయి. నొప్పి ఉంటే టెస్ట్ వాయిదా వేయండి.

థ్రెషోల్డ్ అంకె వచ్చాక వాచ్ సెట్టింగ్స్‌లో హార్ట్ రేట్ జోన్లు తెరిచి, గరిష్ఠం శాతం బదులు లాక్టేట్ థ్రెషోల్డ్ శాతం ఎంచుకుని మీ అంకె వేయండి. ఆ ఎంపిక లేని వాచ్ అయితే జోన్ల హద్దులు ఒక్కొక్కటిగా చేత్తో మార్చుకోవచ్చు. ఆటోమేటిక్‌గా మార్చుకునే ఆప్షన్ ఆపేయండి, లేకపోతే ఒక చెడ్డ మణికట్టు రీడింగ్‌తో అది మళ్ళీ తన ఇష్టానికి మార్చేస్తుంది. టెస్ట్ చేశాక ప్రతి పది నిమిషాలకీ ఎంత దూరం వెళ్ళారో, చివరి ఇరవై నిమిషాల సగటు ఎంతో, ఆ పొద్దున ఉక్క ఎలా ఉందో ఇక్కడ రాయండి. మీ వారపు పేస్‌లు అప్పుడు కూర్చుని వేద్దాం.